శుక్రవారం రెండున్నర ఫోను

ముప్ఫై ఏళ్ళుగా సికింద్రాబాద్ స్టేషన్‌లో టికెట్లు చూసే ఉద్యోగం నాది. ఈ ఉద్యోగంలో ముందు అనుమానం ముదురుతుంది, జీతం పెరిగేది ఆ తరువాతే. టికెట్ ఉన్నవాడు ఎలా నడుస్తాడో, లేనివాడు ఎలా నడుస్తాడో నాకు వీపు చూస్తే తెలుస్తుంది. ఉన్నవాడు కంగారుగా జేబులు తడుముకుంటాడు. లేనివాడు మహా నింపాదిగా, ఫోన్లో ఎవరితోనో ముఖ్యమైన సంగతి మాట్లాడుతున్నట్టు నటిస్తూ పోతాడు. అందుకే భవాని నాతో అబద్ధం ఆడుతోందని పసిగట్టడానికి నాకు రెండు వారాలు చాలాయి. ఆ అబద్ధం ఏమిటో తేలడానికి మాత్రం ఏడు వారాలు పట్టింది.

భవాని మా ఆయనను చూసుకునే మనిషి. మా ఆయన పేరు రిచర్డ్. రైలింజను నడిపేవాడు. పదహారు నెలల కిందట ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ విప్పుకుంటూ పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. కాలు కొంచెం కదులుతోంది. మాట రాలేదు. డాక్టర్లు కూడా దాని మీద ఆశ పెట్టుకోవద్దనే అన్నారు. ఏం అడిగినా "ఆ" అంటాడు. కావాలన్నా "ఆ", వద్దన్నా "ఆ". ఆ రెండింటికీ తేడా కనిపెట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది.

పొద్దున నాలుగున్నరకు లేస్తాను. ఆయన ఒళ్ళు తుడిచి, డైపర్ మార్చి, వీపు పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పి, చెంచాతో జావ పోసి, నేను ఇంత మింగి, భవాని రాగానే మౌలాలి రైల్వే క్వార్టర్ల దగ్గర బస్సు ఎక్కుతాను. ఎనిమిదికి స్టేషన్ గేటు దగ్గర ఉండాలి. నాలుగింటికి డ్యూటీ దిగి మళ్ళీ బస్సు. నేను గుమ్మంలో కాలు పెట్టగానే భవాని చెప్పులేసుకుంటుంది. అక్కణ్ణుంచి మళ్ళీ తుడవడం, తిప్పడం, పొయ్యడం. యాభై నాలుగేళ్ళ ఒంటికి ఇది ఎన్నాళ్ళు సాగుతుందని ఎవరూ అడగరు. అందరూ "నువ్వు చాలా ధైర్యవంతురాలివమ్మా" అని మెచ్చుకుని వెళ్ళిపోతారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ ఒక్క పూట వచ్చి కూర్చోలేదు.

మొదట్లో ప్రార్థన చేయలేదా అంటే, చేశాను. మోకాళ్ళు నల్లబడేలా చేశాను, ఉపవాసాలు ఉన్నాను. అప్పుడు చర్చికి చెందిన ఒక పెద్దమనిషి ఇంటికొచ్చి, ఈస్టర్ కల్లా రిచర్డ్ లేచి నడుస్తాడని, తనకు దేవుడే బయలుపరిచాడని చెప్పాడు. నేను నమ్మాను. ఈస్టర్ వచ్చింది, పోయింది. రిచర్డ్ నడవలేదు. ఆ పెద్దమనిషి మళ్ళీ వచ్చి, విశ్వాసంలో లోపం ఎక్కడుందో వెతుక్కోమన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనకు గేటు చూపించాను. పాటల బృందం, స్త్రీల మైత్రి, ప్రార్థన జాబితాలు, అన్నిట్లోంచీ మా ఇద్దరి పేర్లూ కొట్టేయమని గ్రేసీ అక్కకు మెసేజ్ పెట్టాను. ఆమె చర్చిలో ఆ జాబితాలు రాసే మనిషి. జవాబే ఇవ్వలేదు. పెళ్ళయిన నాటి నుంచి మా ఇంట్లో రాత్రి అన్నానికి ముందు ఒక పాట, ఒక ప్రార్థన ఉండేవి. ఆ రోజుతో అవీ ఆపేశాను. బైబిలు తీసి బీరువా పైన పెట్టేశాను.

ఆ తరువాతి వారమే భవాని పనిలో చేరింది. మొదటి రోజే దానికి గట్టిగా చెప్పాను. చర్చివాళ్ళెవరూ గేటు దాటకూడదు, సారు ఫోనుకు వాళ్ళు చేస్తే ఎత్తకూడదు, ఎత్తినట్టు తెలిస్తే అదే నీకు ఇక్కడ ఆఖరి రోజు. అది తలూపింది. ముప్ఫై ఏళ్ళ పిల్ల, గుట్ట కింది బస్తీలో ఉంటుంది, నెమ్మదస్తురాలు. ఏడాది పాటు దాని మీద నాకు ఏ అనుమానమూ రాలేదు. వచ్చే తీరిక కూడా లేదు.

మే నెల మొదటి శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు, నేను గేటు దగ్గర ఉండగా, ఇంటి నుంచి ఫోను వచ్చింది. రిచర్డ్ ఫోను నుంచి. ఏమైంది భవానీ అని అరిచాను. ఎవరో ఊపిరి పీల్చుకుంటున్న చప్పుడు, గొంతులో ఏదో గరగర, అంతే, ఫోను పెట్టేశారు. వెంటనే తిరిగి చేస్తే భవాని ఎత్తింది. ఏం లేదట, పొరపాటున చెయ్యి తగిలిందట.

సరే అనుకున్నాను. తరువాతి శుక్రవారం రెండున్నరకు మళ్ళీ వచ్చింది. అదే ఊపిరి, అదే గరగర. మళ్ళీ చెయ్యే తగిలిందట. మూడో శుక్రవారం కూడా రావడంతో నాకు ఇక సందేహం లేకపోయింది. పొరపాటున తగిలే చెయ్యి గడియారం చూసుకుని తగలదు కదా. నాతో గేటు దగ్గర పనిచేసే హరికిషన్‌కు చెప్తే అతను నా కంటే ముదురు. మీరు స్టేషన్‌లోనే ఉన్నారా లేదా అని చూసుకుంటున్నారు మేడం, వెనకాల అనౌన్స్‌మెంట్ వినపడితే చాలు, వాళ్ళకు ఇంకా రెండు గంటలు టైం ఉన్నట్టు లెక్క అన్నాడు. ఆ "వాళ్ళు" అన్న మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది.

ఇంట్లో వెతకడం మొదలుపెట్టాను. నగలా, ఉన్నవి రెండు గాజులు, అవి నా చేతికే ఉన్నాయి. బీరువాలో దుప్పట్లు సరిగ్గానే ఉన్నాయి. కానీ నాలుగో శుక్రవారం సాయంత్రం నేను వెళ్ళేసరికి వెనక తీగ మీద ఒక తెల్ల చొక్కా తడిగా వేలాడుతోంది. అది రిచర్డ్‌దే, చర్చికి వేసుకునే చొక్కా. పదహారు నెలలుగా నేను దాన్ని బయటికి తీయలేదు. మంచంలో ఉన్న మనిషికి లుంగీ, బనీను చాలు. ఎందుకు ఉతికావని అడిగితే, ముక్కిపోయిన వాసన వస్తుంటే ఉతికానని చెప్పింది. నా కళ్ళలోకి చూడకుండా చెప్పింది. తరువాతి శుక్రవారం దండెం ఖాళీగా ఉంది కానీ, బీరువా తీసి ఆ చొక్కా కాలరు ముక్కు దగ్గర పెట్టుకుంటే పౌడరు వాసన, దాని కింద మగవాడి చెమట వాసన. నా మొగుడి చొక్కా ఎవడో తొడుక్కుంటున్నాడు. ఇంకేం అనుకోను?

రిచర్డ్‌ను అడుగుదామంటే ఆయనకు మాటే లేదు. అయినా అడిగాను. ఇంటికి ఎవరైనా వస్తున్నారా అంటే "ఆ" అన్నాడు. భవాని నిన్ను సరిగ్గా చూస్తోందా అంటే "ఆ". ఎడమ చెయ్యి ఎత్తి పైకి చూపించాడు. ఈమధ్య రోజూ అలాగే చూపిస్తున్నాడు. ఫ్యాను గాలి ఎక్కువైందేమో అని తగ్గించాను. ఆయన కళ్ళు మూసుకుని మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆరో వారం పక్క క్వార్టరు అనసూయమ్మ నన్ను గేటు దగ్గర ఆపింది. ఆమె భర్త కూడా రైల్వేలోనే చేసి పోయాడు. కొడుకు ఉద్యోగంలో ఉన్నాడు, ఆమె రోజంతా వరండాలోనే ఉంటుంది. కాలనీలో ఏ ఇంట్లో ఏ కూర మాడిందో ఆమెకు తెలియకుండా పోదు.

"ప్రిసిల్లా, నీకు చెప్పాల్నా వద్దా అని వారం సంది పరేషాన్ అయితున్న," అంది గొంతు తగ్గించి. "శుక్రవారం పగటిపూట మీ ఇంట్ల మొగోని గొంతు ఇనవడ్తుంది. మీ ఆయనకు మాట లేదాయె. మరి గా గొంతు ఎవలది? గా పిల్ల తలుపు సుత లోపల్నుంచి గొళ్ళెం పెట్టుకుంటుంది."

ఆ రాత్రి అన్నం కలుపుతూ అదే ఆలోచించాను. నేను నిలువుకాళ్ళ మీద ఎనిమిది గంటలు నిలబడి సంపాదించి దానికి జీతమిస్తుంటే, కదల్లేని మనిషి కళ్ళ ముందే అది ఎవణ్ణో ఇంట్లోకి రానిస్తోంది, ఆయన చొక్కా వాడికి తొడుగుతోంది. ఆయన అదంతా చూస్తూ, చెప్పలేక, ఫ్యాను వైపు చెయ్యి చూపిస్తున్నాడు. ఆ సంగతి తలచుకుంటే ఏడుపొచ్చింది. ఏడవడానికీ ఓపిక లేదు.

అల్వాల్‌లో ఇలాంటి రోగులను ఉంచుకునే హోమ్ ఒకటి ఉంది. హరికిషన్ వాళ్ళ నాన్నను ఆఖరి రోజుల్లో అక్కడే ఉంచారు. ఫోను చేస్తే సోమవారం ఒక మంచం ఖాళీ అవుతుందన్నారు. తీసుకొస్తానని చెప్పాను. అక్కడ చేర్చేవాళ్ళందరూ కఠినాత్ములని నేను అనను. ఓపిక అయిపోయినవాళ్ళకు అదీ ఒక దారే. కానీ నాకు నేను అబద్ధం చెప్పుకోలేను. ఆయన బాగు కోసం కాదు, నేను ఓడిపోయి పంపుతున్నాను. సంచిలో లుంగీలు, బనీన్లు, మందులు సర్ది తలుపు పక్కన పెట్టాను. రిచర్డ్ ఆ సంచినే చూస్తూ పడుకున్నాడు. ఎక్కడికి అని ఆయన అడగలేడు, నేను చెప్పలేదు.

శుక్రవారం భవానిని పట్టుకోవాలి, సోమవారం ఆయనను చేర్చాలి. ఆ రెండు పనులు అయ్యాక నాకు మిగిలేది ఒక మంచం, ఒక గోడ. ఆ వారం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏడాది తరువాత దేవుడితో మాట్లాడాను. అది ప్రార్థన కూడా కాదు, రాజీనామా. నువ్వున్నావో లేవో నాకు తెలియదు, నేను మాత్రం అయిపోయాను, ఇక నన్ను లెక్కలోంచి తీసేసుకో అన్నాను. లాలాగూడ దాటేదాకా కళ్ళు తుడుచుకున్నాను. పక్క సీటులో ఆవిడ నాకు కొంచెం దూరంగా జరిగింది.

ఏడో శుక్రవారం. పన్నెండున్నరకే హరికిషన్‌కు గేటు అప్పజెప్పి బయల్దేరాను. సన్నగా వాన పడుతోంది. కాలనీ మొదట్లోనే దిగి, మా ఇంటి ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి అనసూయమ్మ ఇంట్లోకి వెళ్ళాను. ఆమె నా కోసమే ఎదురుచూస్తోంది. వంటింటి కిటికీ దగ్గర నాకు స్టూలు వేసి, చాయ్ ఇచ్చి, తానూ పక్కన నిలబడింది. ఆమెకు ఇది పండగలా ఉందని నాకు తెలుసు. అయినా ఆ పూట నాకు మరో తోడు లేదు.

ఒంటిగంటన్నరకు భవాని బయటికొచ్చి అటూ ఇటూ చూసింది. రెండుకు అయిదు నిమిషాలుండగా తలుపు మూసుకుంది. గొళ్ళెం పడిన చప్పుడు మా దాకా వినపడింది. ఎవరూ రాలేదు. గేటు దగ్గర ఎవరూ లేరు, సందులో ఎవరూ లేరు. ముందే వచ్చి లోపల కూర్చున్నాడేమోనని అనసూయమ్మ అంది. సరిగ్గా రెండింటికి లోపల ఫోను మోగింది. మోగి ఆగింది. ఆ వెంటనే మగవాడి గొంతు.

లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని మా పడకగది కిటికీ వైపు నడిచాను. అనసూయమ్మ నా వెనకే వచ్చింది. కిటికీకి తెర వేసి ఉంది. లోపలి మాట సరిగ్గా అర్థం కావడం లేదు కానీ గొంతు మాత్రం మగదే. అది కాసేపు మాట్లాడి, పాట అందుకుంది. అంతలో ఇంకో గొంతు దానితో కలిసింది. అనసూయమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇద్దరున్నరు," అంది.

మొదటి గొంతు ఆగిపోయింది. రెండోది ఆగలేదు. బొంగురు గొంతు, మధ్యమధ్య గీరుకుంటూ, ఒక్కోచోట తడబడుతూ, అయినా రాగం తప్పకుండా పాడుతోంది. అది మా చర్చి పాటే. నా ఇంట్లోనే, నా మొగుడి మంచం పక్కన ఎవడో కూర్చుని మా పాట పాడుతున్నాడన్నమాట. చర్చివాళ్ళే వస్తున్నారు. నేను గేటు చూపించినవాళ్ళు దొడ్డిదారిన వస్తున్నారు. నాలో ఉన్న కోపమంతా చేతిలోకి వచ్చింది. ఆ చేత్తో తెర పక్కకు లాగాను.

మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఉంది, దాంట్లో ఎవరూ లేరు. భవాని ఫోను పట్టుకుని నిలబడి ఉంది. మంచం మీద రెండు తలగడల ఆసరాతో, తెల్ల చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, మెడకు పౌడరు రాసుకుని రిచర్డ్ కూర్చుని ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. పాట ఆయన నోట్లోంచే వస్తోంది.

ముప్ఫై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషి గొంతును నేను గుర్తుపట్టలేదు. కిటికీ ఊచ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. భవాని వీపు మా వైపు ఉంది, ఆయన కళ్ళు మూసి ఉన్నాయి, ఇద్దరూ నన్ను చూడలేదు. అనసూయమ్మ నా మోచెయ్యి వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు నాకు శుక్రవారం గుర్తొచ్చింది. గొలుసు ప్రార్థన. లాక్‌డౌన్‌లో చర్చి మూసినప్పుడు మొదలైంది. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, అరగంటకు ఒకరు చొప్పున, ఎవరి ఇంట్లో వాళ్ళే ప్రార్థన చేస్తారు. తన అరగంట అయ్యాక జాబితాలో తరువాతి పేరుకు ఫోను చేసి "మీ వంతు" అని చెప్పాలి. అంతే, కబుర్లు ఉండవు. ఒంటిగంటన్నరకు సామ్యూల్. ఆయన పాటల బృందంలో లావు గొంతు, ఒక చరణం పాడి గానీ వంతు అప్పజెప్పడు. నేను మొదట విన్న గొంతు ఆయనదే, ఫోను స్పీకర్లోంచి. రెండింటికి రిచర్డ్. రెండున్నరకు నేను. మూడింటికి గ్రేసీ అక్క. పేర్లు కొట్టేయమన్నాను గానీ, ఆమె కొట్టేయలేదు.

పాట అయిపోయాక రిచర్డ్ మాట్లాడటానికి ప్రయత్నించాడు. పాటలో జారినట్టు వచ్చిన మాట, పాట లేకపోయేసరికి మళ్ళీ గొంతుకు అడ్డం పడింది. పెదాలు వంకర తిరిగాయి, నరాలు పొంగాయి. చాలాసేపటికి ఒక ముక్క బయటికొచ్చింది. "ప్రి..." అన్నాడు. ఊపిరి తీసుకుని మళ్ళీ "ప్రి... సి..." అన్నాడు. ఆ తరువాత "బలం" అన్న మాట స్పష్టంగా వినపడింది. మళ్ళీ నా పేరు. మళ్ళీ "బలం". అరగంటా ఆ రెండు మాటలే. వానలో తడుస్తూ ఆ అరగంటా నేను కిటికీ దగ్గరే ఉన్నాను. నేను ఆయనను మోస్తున్నానని, నన్ను మోసేవాళ్ళు ఎవరూ లేరని పదహారు నెలలుగా ఏడుస్తున్నాను. ప్రతి శుక్రవారం ఈ అరగంట ఆయన నన్ను మోస్తున్నాడు. నేను టికెట్లు చూసుకుంటూ, అనుమానాలు పెంచుకుంటూ ఉన్నాను.

"సార్, టైం అయింది," అంది భవాని. "ఇప్పుడు మేడం వంతు గద. చేస్తున్న."

బీరువా తలుపు తెరిచింది. లోపలి వైపు అతికించిన పాత జాబితా మీద వేలు పెట్టి చూసుకుంటూ నంబరు నొక్కింది. రోజూ ఆయన చెయ్యి చూపిస్తున్నది ఫ్యాను వైపు కాదు, ఆ బీరువా వైపు. నా బ్యాగులో ఫోను వణికింది. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఎప్పటిలాగే ఊపిరి, ఎప్పటిలాగే గొంతులో గరగర. ఆరు వారాలుగా నేను "హలో హలో" అని అరిచి ఆయనను తొందరపెట్టింది ఇక్కడే. ఈసారి అరవలేదు. ఎదురుచూశాను. కిటికీలోంచి ఆయన పెదాలు చూస్తూ, ఫోనులో ఆయన ఊపిరి వింటూ ఎదురుచూశాను.

"ప్రిసి," అన్నాడు. "నీ... వం... తు."

సరే అన్నాను. అది రెండు చోట్లా వినపడిందేమో, భవాని తిరిగి కిటికీ వైపు చూసి ఫోను జారవిడిచింది.

తలుపు తీసినప్పుడు ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను లోపలికి వచ్చేలోపే చెప్పడం మొదలుపెట్టింది.

"తప్పయింది మేడం. మీరు చర్చోళ్ళ ఫోన్లు ఎత్తొద్దన్నరు. కని ప్రతి శుక్రవారం గదే టైంకు మోగుతుండె, సారు గట్లనే చూస్తుండె ఫోను దిక్కు. క్రిస్మస్ అయినంక ఒకసారి ఎత్తి సారు చెవు కాడ పెట్టిన. గాయన పాట షురూ చేసిండు, మన సారు సుత అందుకున్నడు. నాకు భయమైంది. మాట రాని మనిషికి పాటెట్ల వస్తది? మీకు చెప్దామంటే పని తీసేస్తరని చెప్పలే. చొక్కా నేను తియ్యలే మేడం, సారే చూపిచ్చిండు. గది తొడగనిదే కూసోడు."

మిగతాది ఆమె చెప్పకుండానే అర్థమైంది. మే నెలలో ఆయన ఆ జాబితాలో నా పేరు వైపు వేలు చూపించి, చెయ్యమని పట్టుబట్టాడు. అప్పటి నుంచి వారం వారం "నీ వంతు" అన్న రెండు మాటలు నాకు చెప్పడానికే తంటాలు పడ్డాడు. పాటతో ఆయన గొంతు తెరుచుకుంటుంది. ఆ పాటను నేనే ఇంట్లో ఆపేశాను. ఏడాదికి పైగా రోజూ రాత్రి నేను ఒక చరణం అందుకుని ఉంటే, ఆయన ఏనాడో నా పేరు పిలిచేవాడు. అది తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. భవానిని ఏమన్నా అనాలి కాబట్టి, ఆ కాలరు ఇస్త్రీ సరిగ్గా లేదన్నాను. అది ఏడుస్తూనే నవ్వింది.

రెండున్నర దాటి నాలుగు నిమిషాలైంది. నా వంతు జరిగిపోతోంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. రిచర్డ్ ఎడమ చెయ్యి చాపాడు, పట్టుకున్నాను. ప్రార్థన మొదలుపెట్టే మాటలేవీ గుర్తు రాలేదు. అలిసిపోయాను ప్రభువా అన్నాను. అది ఒకటే నిజం, అదే నాలుగుసార్లు అన్నాను. ఆకాశం తెరుచుకోలేదు, ఈస్టర్ పెద్దమనిషి చెప్పినట్టు ఎవరూ లేచి నడవలేదు. నడిపించమని నేను అడగలేదు కూడా. కానీ బస్సులో రాజీనామా ఇచ్చిన రోజున నన్ను ఎందుకు తీసేసుకోలేదో కొంచెం అర్థమైంది. నేను లేని చోట నా పేరు ఒకరు పలుకుతూనే ఉన్నారు. సగం నోటితో, బొంగురు గొంతుతో, వారం తప్పకుండా. రేపు నాలుగున్నరకు లేవగలనని అనిపించింది. ఎల్లుండి సంగతి ఎల్లుండి అడుగుదామనుకున్నాను. అరగంట అయ్యేసరికి రిచర్డ్ నా వేళ్ళు పట్టుకునే నిద్రపోయాడు.

మూడింటికి గ్రేసీ అక్కకు ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"గ్రేసీ అక్కా, మీ వంతు," అన్నాను.

ఎన్ని శుక్రవారాలు ఆమె మూడింటికి ఫోను పట్టుకుని కూర్చుని, నా నుంచి రాక, అయిదు నిమిషాలు చూసి తనంతట తానే మొదలుపెట్టిందో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

"మంచిదమ్మా," అంది. "కొత్త జాబితా రాస్తున్న. మీ ఇద్దరియి గవే నంబర్లా? ఇల్లు ఏమన్న మారుతుందా?"

తలుపు పక్కన సర్ది పెట్టిన సంచి వైపు చూశాను.

"అవే నంబర్లు అక్కా," అన్నాను. "అదే ఇల్లు."